ఎనిమిదో స్టెప్ తర్వాత

నూరుద్దీన్ గొంతులో గొట్టం ఉంది. అది లేకపోతే అతనే నోరు విప్పి చెప్పేవాడు, ఈ గొడవ పోయిన వారమే తేలిపోయేది.

జూన్ రెండో తారీఖున హత్నూర దగ్గరి త్రిశాల ఇంటర్మీడియట్స్ అనే రసాయనాల ఫ్యాక్టరీలో, సాల్వెంట్ ద్రవాలు ఉంచే గది వాటి ఆవిరితో నిండిపోయింది. గోడ మీది హారన్ మోగలేదు. లోపల స్పృహ తప్పిన ఇద్దరు కార్మికులను ఒకరి తర్వాత ఒకరిని బయటికి ఈడ్చుకొచ్చిన పానెల్ ఆపరేటర్ నూరుద్దీన్, రెండోవాణ్ణి గుమ్మం దాటించి అక్కడే కూలిపోయాడు. వాళ్లిద్దరూ వారం తిరక్కుండానే డ్యూటీలో చేరారు. అతను మాత్రం పంతొమ్మిది రోజులుగా సంగారెడ్డి ఆసుపత్రిలో ఉన్నాడు. కంపెనీ మెమో ఆ మంచం దగ్గరికే వచ్చింది. ఆవిరిని కనిపెట్టి హారన్ మోగించే పెట్టెలోకి 'పసిగట్టు' అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది నూరుద్దీనేననీ, సూచనల్లో తొమ్మిది స్టెప్పులుంటే ఆఖరిది చేయకుండా సంతకం పెట్టాడనీ, ప్రమాదానికి అతనే బాధ్యుడనీ అందులో రాశారు. విచారణ రేపే, సోమవారం పదకొండు గంటలకు. తప్పు అతనిదని తేలితే ఉద్యోగం పోతుంది, కంపెనీ చేయిస్తున్న వైద్యం కూడా ఆగిపోతుంది.

పసిగట్టు ఏ కంపెనీ సొత్తూ కాదు. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, బాగుచేయొచ్చు. దాన్ని ఎలా ఎక్కించుకోవాలో చెప్పే సూచనల పేజీ రాసింది పటేల్‌గూడలో ఉండే అలేఖ్య.

ఆ అలేఖ్య ఇంటి ముందు గదిలో, ఆదివారం మధ్యాహ్నం, నూరుద్దీన్ భార్య వజీరా కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ లైన్‌కు సూపర్‌వైజర్. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. కాళ్ల దగ్గర ఆకుపచ్చ సంచి ఒకటి పెట్టుకుంది. మంచినీళ్లు ఇచ్చినా ముట్టుకోలేదు.

"గా కాగితం రాసింది నువ్వేనా, మేడం?" అని గుమ్మంలోనే అడిగిన ప్రశ్నకు అలేఖ్య అవునంది. ఇప్పుడు లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, తొమ్మిదో స్టెప్ మీద వేలు పెట్టి చూపించింది. కొత్త పెట్టె ఎప్పుడూ రిహార్సల్ మోడ్‌లోనే మొదలవుతుంది. బిగించేటప్పుడు హారన్ మాటిమాటికీ మోగి యూనిట్ మొత్తాన్ని హడలగొట్టకుండా ఆ ఏర్పాటు. అంతా అయ్యాక ఆ మోడ్ తీసేయాలి. తీయకపోతే ప్రమాదం వచ్చినప్పుడు తెర మీద ఎర్ర అక్షరాలు పడతాయి కానీ హారన్ నోరు తెరవదు. తొమ్మిదో స్టెప్ చెప్పేది అదే. రెండే వాక్యాలు, లావు అక్షరాల్లో ఉన్నాయి.

"డ్యూటీ చివర్లో అలసిపోయి ఆఖరిది చూసుకోలేదేమో, ఆపా," అంది అలేఖ్య, ఉర్దూలో అక్కా అని పిలుస్తూ. అనడానికి నోరు రాలేదు, అయినా అంది.

వజీరాకు కోపం రాలేదు. అదే అలేఖ్యకు ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

"ఇరవై రెండేండ్ల సంది పానెల్ నడిపిస్తుండు ఆయన. బ్యాచ్ షీట్ల ఒక్క టిక్కు తప్పలే. ఇంట్ల చాయ్ పెట్టినా వరస తప్పడు. మొదలు నీళ్లు, తర్వాత చాయ్‌పత్తి, తర్వాత శక్కర్. అసొంటోడు ఆఖరుది ఇడిసిపెడతడా?" అని వజీరా కుర్చీ ముందుకు జరుపుకుంది. "నేను చేస్త. నీ ముంగటనే. నాకు కంప్యూటర్ రాదు, తెలుగు చదువుడొస్తది. నువ్వు ఏం రాసినవో గదే చేస్త, రాయనిది చెయ్య. నువ్వు నోరు తెరవొద్దు, చెయ్యి పెట్టొద్దు."

అలేఖ్య అల్మరాలోంచి అలాంటి పెట్టెనే ఇంకోటి తీసింది. అరచేతిలో పట్టేంత కంప్యూటరు, దానికి బొటనవేలంత సెన్సర్, చిన్న హారన్. మొత్తం పని ఇరవై నిమిషాలని పేజీ మొదట్లోనే రాసి ఉంది. టైము చూసింది. ఒంటిగంటా పది.

మొదటి స్టెప్ బాగానే గడిచింది. రెండో దగ్గరే బండి ఆగింది. 'సెన్సర్ నంబరు కొట్టండి' అని ఉంది అక్కడ. సెన్సర్‌కు అంటించిన స్టిక్కరు మీద మూడు నంబర్లున్నాయి. వజీరా కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అలేఖ్య వైపు చూసింది. అలేఖ్య నోరు తెరవబోయింది. వజీరా వేలెత్తింది. తర్వాత మూడింటిలో పెద్దది కొట్టింది. తప్పు అని వచ్చింది. ఇంకోటి కొట్టింది. అదీ తప్పే. మూడోది తీసుకుంది. అలేఖ్యకు ఒళ్లు మండింది. మండింది వజీరా మీద కాదు. మధ్య నంబరు అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఆ పేజీలో రాసి ఉంటే ఏం పోయింది? రెండేళ్ల నుంచీ ఆ పెట్టెలు తన చేతుల్లోనే ఉన్నాయి. ఏది మధ్య నంబరో తనకు కళ్లు మూసుకున్నా తెలుసు. అందుకే రాయలేదు.

నాలుగో స్టెప్ ఇంకా ఘోరం. 'సింపుల్‌గా మీ యూనిట్‌కు తగినట్టు కాన్ఫిగ్ ఫైల్‌ను మార్చుకోండి' అని ఉంది. వజీరా ఆ వాక్యాన్ని గట్టిగా ఒకసారి, లోపల ఒకసారి చదివింది. ఫైలు ఎక్కడుందో లేదు. ఏది మార్చాలో లేదు. తగినట్టు అంటే ఎంతో లేదు. పావుగంట వెతికి, వెతికి, చివరికి దాన్ని కనిపెట్టింది. అలేఖ్య తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. లేకపోతే అవి మౌస్ దగ్గరికి పోతున్నాయి.

అప్పుడే అలేఖ్య వాళ్లమ్మ పద్మావతి టీ తీసుకుని వచ్చింది. కూతురు చేతుల మీద కూర్చుని, పళ్లు బిగించి, వచ్చినావిడతో ఒక్క ముక్కా మాట్లాడకుండా ఉండటం చూసి నిలబడిపోయింది.

"ఏంటే ఆ కూర్చోడం? ఆవిడ అంతలా అవస్థ పడుతుంటే చెప్పొచ్చు కదా."

"చెప్పకూడదమ్మా."

"మరి రాసేటప్పుడైనా చెప్పాల్సింది," అని కప్పులు పెట్టి వెళ్లిపోయింది పద్మావతి. పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషితో ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఆవిడ. అన్న మాట ఎక్కడ తగిలిందో చూసుకోవడానికి కూడా ఆగలేదు.

అయిదో స్టెప్‌లో తెర నల్లగా అయిపోయింది. ఒక నిమిషం, రెండు, మూడు. ఏ అక్షరమూ లేదు, ఏ చుక్కా తిరగడం లేదు. అలేఖ్యకు తెలుసు, పదకొండు నిమిషాలు పడుతుంది. పేజీలో ఆ మాట లేదు. ఆరో నిమిషంలో వజీరా ఫ్యాక్టరీ మనుషులు చేసే పనే చేసింది. మిషను బిగుసుకుపోయిందనుకుని ప్లగ్గు లాగేసింది. అంతే, ఎక్కినదంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి.

మూడున్నరకు పచ్చ లైటు వెలిగింది. ఎనిమిదో స్టెప్ అయింది. వజీరా తొమ్మిదోది చదివి, రిహార్సల్ మోడ్ తీసేసింది. అలేఖ్య గోళ్ల రంగు తుడిచే మందులో దూది ముంచి సెన్సర్ దగ్గర పెట్టింది. అది కూడా సాల్వెంటే. నాలుగు సెకన్లలో హారన్ కూసింది. వీధిలో కుక్కలు లేచాయి.

అలేఖ్య హారన్ ఆపేసింది. వజీరా పేజీని కింది నుంచి పైకి మళ్లీ చదువుకుంది. తొమ్మిదో స్టెప్ అక్కడే ఉంది. చదవడం వచ్చిన ఎవరికైనా కనిపిస్తుంది. కంప్యూటర్ రాని మనిషి కూడా దాన్ని దాటిపోలేదు. అంటే మెమో నిజమే. వజీరా భుజాలు కొద్దిగా కిందికి దిగాయి.

"నా రాత బాగోలేదు. ఇరవై నిమిషాల పనికి రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. రేపు విచారణలో నేనే వచ్చి చెబుతాను," అంది అలేఖ్య. ఆ మాటలు ఎంత చిన్నవో తనకే తెలుస్తోంది. చెప్పి ఊరుకోలేక ఇంకో మాట అడిగింది. ఆ రోజు నూరుద్దీన్ ఈ పేజీని ఫోన్‌లో చూస్తూ చేశాడా?

వజీరా తల తిప్పి వింతగా చూసింది.

"ఫోనెట్ల తీస్కపోతరు? సాల్వెంట్ ఉన్న కాడికి ఫోన్ రానియ్యరు. నిప్పురవ్వ లేస్తదని గేటు కాడనే పెట్టిస్తరు. లోపల అంత పేపరే. ఆఫీసుల ప్రింటు తీస్తరు, దాని మీద ఆపరేటర్ టిక్కు పెట్టుకుంట చేస్తడు. పని అయినంక సాఫు కాపీ పానెల్ తలుపుకు అంటిస్తరు."

అలేఖ్య వెన్ను నిటారుగా అయింది. అంటే అతను చూసింది ఇంటర్నెట్‌లో ఇవాళ ఉన్న పేజీ కాదు. ఏదో ఒక రోజు కాగితం మీద పడి, అక్కడితో గడ్డకట్టిపోయిన పేజీ. పానెల్‌కు అంటించిన కాపీ ఫొటో మెమోతో వచ్చింది. అందులో తొమ్మిది స్టెప్పులున్నాయి. కానీ ఆ సాఫు కాపీ మీద ఎవరి టిక్కులూ లేవు.

"టిక్కులు పెట్టిన కాగితం ఎక్కడుంది, ఆపా?"

వజీరా కాళ్ల దగ్గరి సంచి వైపు చూసింది. త్రిశాల కంపెనీ దీపావళికి అందరికీ ఇచ్చిన సంచి. నూరుద్దీన్ టిఫిన్ సంచి. పంతొమ్మిది రోజులు గేటు గదిలో పడి ఉంటే, నిన్న సెక్యూరిటీ మనిషి దయతలచి ఇచ్చాడట. ఆసుపత్రికి, ఇంటికి, ఇక్కడికి మోసుకు తిరుగుతోంది కానీ తెరవలేదు. ఆ రోజు పొద్దున తను కట్టిచ్చిన అన్నం అందులోనే ఉంది. మధ్యాహ్నం డబ్బా తెరవకముందే ప్రమాదం జరిగింది.

వజీరా డబ్బాను ముట్టుకోకుండా పక్క జేబులో చెయ్యి పెట్టింది. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం వచ్చింది.

బల్ల మీద పరిచారు. నీలి పెన్నుతో ఒక్కో స్టెప్ పక్కన టిక్కు, టైము, పొట్టి సంతకం. అవి కాక అంచుల్లో చిన్న అక్షరాలతో తెలుగులో ఏవో రాసి ఉన్నాయి. రెండో స్టెప్ పక్కన: 'మూడు నంబర్లున్నయి. మధ్యది అని రాయాలె.' నాలుగో దాంట్లో సింపుల్‌గా అన్న మాట కింద గీత గీసి: 'ఎవరికి సింపుల్?' అయిదో పక్కన: 'తెర నల్లగైతది. పరేషాన్ కావద్దు, పదకొండు నిమిషాలు ఆగాలె అని రాయాలె.' కాగితం పైన, అన్నిటికంటే ముందు: 'ఇవన్ని రాసినోళ్లకు పంపియ్యాలె. అడ్రసు ఎక్కడుందో దొరకలే.'

అలేఖ్య ఆ పై వరసను రెండుసార్లు చదివింది. రెండేళ్లుగా ఆ పేజీ గురించి తనకు వచ్చిన వాటిలో పనికొచ్చే ఉత్తరం ఇదొక్కటే. రాసినతను పంపడానికి చోటు దొరక్క మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకున్నాడు. ఆ చోటు ఎక్కడో చెప్పాల్సింది కూడా తనే.

"గిది జూడు," అంది వజీరా. వేలు కాగితం అడుగున ఉంది.

ఎనిమిదో స్టెప్ పక్కన టిక్కు. సాయంత్రం 4:25. దాని కింద అచ్చులో ఒకటే వాక్యం: 'పచ్చ లైటు వెలిగితే మీ పని పూర్తయినట్టే.' ఆ తర్వాత తెల్ల కాగితం. తొమ్మిదో స్టెప్ లేదు. చిరిగి పోలేదు, వెనక పేజీకి పోలేదు. అడుగున ప్రింటరు వేసిన వరసలో మార్చి 14 అని తారీఖు, ఒకటిలో ఒకటో పేజీ అని నంబరు. ఉన్నది అంతే.

ఆ ఖాళీలో నూరుద్దీన్ రాత ఇంకో రెండు వరసలుంది. 'హారన్ ఒకసారి మోగించి చూసుడు ఎక్కడ రాయలే. మురళి సార్‌ను అడిగిన. పేపర్ల లేనిది చెయ్యొద్దన్నడు. 4:40.'

మురళీమోహన్ త్రిశాల సేఫ్టీ మేనేజరు. రేపటి విచారణలో పెద్ద కుర్చీ అతనిదే.

"ఆయన అన్ని చేసిండు," అంది వజీరా. "రాసినయన్ని చేసిండు. రాయంది అడిగిండు కూడ." కళ్లు తుడుచుకోలేదు. వెంటనే ప్యాకింగ్ లైన్ సూపర్‌వైజర్ అయిపోయింది. "మరి గా తొమ్మిదోది ఎప్పుడొచ్చింది? ముందుగాల ఉండెనా? ఉంటే ఎవరు తీసిన్రు?"

అది తెలుసుకోవడం కష్టం కాదు. ఓపెన్ సోర్స్‌లో ఏదీ చాటున జరగదు. ఒక్క కామా మార్చినా ఎవరు మార్చారో, ఏ రోజు, ఏ నిమిషంలో మార్చారో చరిత్రలో నమోదవుతుంది. అలేఖ్య ఆ పేజీ చరిత్ర తెరిచింది. అంతా ఇంగ్లీషులో ఉంది. వజీరాకు అర్థం కాదు.

అన్నిటికంటే పై వరస: జూన్ 3. ప్రమాదం జరిగిన మర్నాడు. తొమ్మిదో స్టెప్ చేర్చారు. చేర్చింది పసిగట్టును మొదలుపెట్టిన మధుబాబు. కారణం దగ్గర 'అచ్చుతప్పు సవరణ' అని రాసుకున్నాడు.

దాని కింది వరస: మార్చి 11. తొమ్మిదో స్టెప్ తీసేశారు. కారణం: 'పేజీ పొడుగైంది, ఒక్క కాగితంలో పట్టేలా కుదించాను.' తీసినవారు: అలేఖ్య.

ముందు అలేఖ్య నమ్మలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. పటాన్‌చెరు సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు. కిటికీ పక్క సీటు. పేజీ పొడుగ్గా ఉంటే కొత్తవాళ్లు బెదిరిపోతున్నారు, కుదించమని మధుబాబు పంపిన మెసేజ్. ఒళ్లో లాప్‌టాప్. తొమ్మిదోది ఎనిమిదితో కలిసిపోయేదే కదా, తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లు విడిగా ఉన్న ప్రశ్నల పేజీలో చూసుకుంటారు అనుకుని ఇక్కడ కోసి అక్కడ అతికించింది. బస్సు కదిలే లోపల పని అయిపోయింది. బాగుచేశానని ఆ రోజు సంతోషపడింది కూడా. ఇంతసేపూ తొమ్మిదోది ఎప్పుడూ అక్కడే ఉందని ఈ మనిషి ముందు ఎంత ధీమాగా వేలు పెట్టి చూపించింది.

"ఎవరు?" అని అడిగింది వజీరా.

"ఒక్క నిమిషం," అని అలేఖ్య ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది.

మధుబాబు కిష్టారెడ్డిపేటలో ఉంటాడు. రెండో రింగుకే ఎత్తాడు.

"జూన్ మూడున నువ్వు దిద్దింది అచ్చుతప్పా, మధూ?"

అవతల కీబోర్డు చప్పుడు మొదలైంది.

"అక్కడ నీ పేరుంది కదా," అన్నాడు. "నీ కోసమే చేశాను."

అతను చెప్పుకుపోయాడు, నింపాదిగా, ముందే రాసిపెట్టుకున్నవాడిలా. ఇది బయటపడితే ఒక్క ఫ్యాక్టరీ కూడా పసిగట్టును గుమ్మం తొక్కనివ్వదన్నాడు. నాలుగేళ్ల కష్టం మట్టిపాలవుతుందన్నాడు. ఒక్క మనిషి ఉద్యోగం కోసం అంత పోగొట్టుకోవడం తెలివైన పని కాదన్నాడు. మార్చి 11కూ జూన్ 3కూ మధ్య ఆ ఎనిమిది స్టెప్పుల పేజీని దించుకున్నవాళ్లు ఎంతమంది అని అలేఖ్య అడిగింది. నలభై ఒక్క యూనిట్లన్నాడు. లెక్క అతని దగ్గర సిద్ధంగానే ఉంది.

"వాళ్లకు చెప్పావా?"

"చెబితే ఏమవుతుందో ఇప్పుడే చెప్పాను కదా."

నలభై ఒక్క గదుల్లో పచ్చ లైటు వెలుగుతోంది. నలభై ఒక్క హారన్లు నోరు మూసుకుని ఉన్నాయి. అలేఖ్య బాల్కనీ ఊచ గట్టిగా పట్టుకుంది.

"పాత వరసలు తుడిచేస్తున్నాను. నువ్వు రేపు ఎక్కడికీ వెళ్లకు," అన్నాడు మధుబాబు. మళ్లీ ఏదో తట్టినట్టు, "ఇంట్లోనే ఉన్నావా? ఒక్కదానివేనా?" అని అడిగాడు.

అలేఖ్య ఫోన్ పెట్టేసింది.

లోపలికి వచ్చి పేజీ చరిత్రను మళ్లీ తెరిచింది. మార్చి 11 వరస లేదు. జూన్ 3 వరసా లేదు. తొమ్మిదో స్టెప్ పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు చరిత్ర నున్నగా, శుభ్రంగా ఉంది. దాన్ని తిరగరాసే అధికారం ఒక్క మధుబాబుకే ఉంది. అతను మాట్లాడుతూనే ఆ పని చేశాడు.

మిగిలింది తన లాప్‌టాప్. సూచనల పేజీ పని చూసేది తనూ మధుబాబూ మాత్రమే. రాసేవాళ్ల దగ్గర మొత్తం చరిత్రకు ఒక నకలు ఉంటుంది. తన నకలులో ఆ వరస ఇంకా బతికే ఉంది. ఒక్క బటన్ నొక్కితే ఇక్కడా పోతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఇంగ్లీషు రాదు. ఎవరో కుదించారు, పేరు తెలియలేదు అని ఒక్క మాట అంటే చాలు. ఈ కాగితం ఎలాగూ నూరుద్దీన్‌ను కాపాడుతుందేమో. కాపాడకపోవచ్చు కూడా. కాగితాన్ని ఇంట్లో తయారుచేసుకున్నారని మురళీమోహన్ అంటాడు. దాని పక్కన ఒక సాక్షి నిలబడితేనే అది నిలబడుతుంది.

"నేనే తీశాను, ఆపా," అంది అలేఖ్య.

వజీరా కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

అలేఖ్య మొత్తం చెప్పింది. బస్సు, సిగ్నల్, ఒక్క కాగితంలో పట్టాలన్న ఆరాటం, అవతలివాళ్లకు తెలిసే ఉంటుందన్న గుడ్డి నమ్మకం. మధుబాబు ఏం చేశాడో చెప్పింది. నలభై ఒక్క యూనిట్ల సంగతి చెప్పింది. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగే ముఖం లేదు.

"రెండు వాక్యాలు," అంది వజీరా. "గా రెండు వాక్యాలు లేక పంతొమ్మిది రోజుల సంది నోట్లె మాట లేకుండ పండిండు." తర్వాత లాప్‌టాప్‌లో నున్నగా ఉన్న చరిత్ర వైపు చూసింది. "మా లైన్ల తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టనియ్యరు. వైట్‌నర్ దొరికితేనే నౌకరీ పోతది. తప్పు మీద ఒక్క గీత గీయాలె, కింద అక్షరం కనవడాలె, పక్కన కరెక్టుది రాసి సంతకం, తారీఖు పెట్టాలె. తప్పు చేసినోళ్లకు ఏం గాదు మేడం. తుడిచినోళ్లకే అయితది."

ఆమె నూరుద్దీన్ కాగితాన్ని తిరగేసి అలేఖ్య ముందుకు జరిపింది. వెనక వైపు తెల్లగా ఉంది. అలేఖ్య పెన్‌స్టాండ్‌లో చేతికి దొరికింది తీసుకుంది.

"పెన్సిల్ గాదు. పెన్ను."

అలేఖ్య రాసింది. 'ఈ సూచనల్లోని తొమ్మిదో స్టెప్‌ను మార్చి 11న తీసేసింది నేను. నూరుద్దీన్ గారు ఆ రోజు ఉన్న సూచనలన్నీ పూర్తిగా పాటించారు.' సంతకం పెట్టింది. జూన్ 21 అని తారీఖు వేసింది. టైము కూడా వేయమంది వజీరా. నాలుగూ యాభై.

ఆ తర్వాత లాప్‌టాప్‌లోని నకలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది అలేఖ్య. సగం ఎక్కేసరికి బెల్లు మోగింది.

తలుపు కంటిలోంచి చూసింది. మధుబాబు. అతను వస్తాడని అనుకుంటూనే ఉంది. అయితే అతని వెనక ఇంకో మనిషి ఉన్నాడు. నున్నగా దువ్విన తల, ఆదివారం కూడా టక్ చేసుకున్న చొక్కా, చేతిలో ఫైలు. అలేఖ్య అతన్ని ఎప్పుడూ చూడలేదు. చప్పుడు చేయకుండా వజీరాను పిలిచి చూడమంది.

వజీరా ఒక్క క్షణం చూసి వెనక్కి జరిగింది. "గాయనే," అంది గొణిగినట్టు. "మురళి సారు."

ఫ్యాక్టరీ పేరు తప్ప అక్కడ ఎవరూ తనకు తెలియరని ప్రమాదం జరిగిన రోజే మధుబాబు అలేఖ్యతో చెప్పాడు. తొమ్మిది స్టెప్పుల సాఫు కాపీ పానెల్ తలుపు మీదికి ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

బెల్లు మళ్లీ మోగింది. లోపలి నుంచి పద్మావతి ఎవరే అని కేకేసింది. వజీరా కాగితాన్ని మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, ఊపిరి బిగబట్టి మూత తెరిచింది. పంతొమ్మిది రోజుల అన్నం వాసన గది అంతా కొట్టింది. పై గిన్నె ఎత్తి, కవరును కింది గిన్నెలో అన్నం మీద పరిచి, పైది పెట్టి మూత బిగించింది. ఇంతవరకూ ముట్టుకోలేకపోయిన డబ్బా అది. డబ్బాను మళ్లీ సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అలేఖ్య తలుపు తీసింది.

మధుబాబు నవ్వాడు. ప్రాజెక్టు పని మీద లాప్‌టాప్ ఒకసారి తీసుకెళ్దామని వచ్చామన్నాడు. అతని భుజం మీదుగా మురళీమోహన్ గదిలోకి చూశాడు. బల్ల మీది పెట్టె, హారన్, దూది, పెన్‌డ్రైవ్, అన్నీ వరసగా చూసుకుంటూ వచ్చాడు. వజీరాను చూసి ఆశ్చర్యపోలేదు. ఆమె ఒళ్లోని ఆకుపచ్చ సంచి దగ్గర అతని చూపు ఆగిపోయింది.

"అది మా గేటులో పొరపాటున ఇచ్చేశారమ్మా," అన్నాడు మెత్తగా, చెయ్యి చాపుతూ. "విచారణ అయ్యేదాకా అది కంపెనీ దగ్గరే ఉండాలి. ఇలా ఇచ్చెయ్యి."